నలభై మంది మేనత్తలు

"వీళ్ళలో ఒక్కరికి కూడా మేనత్త లేదాండీ?"

ఆఫీసులో చేరిన మొదటి రోజు, బ్యాగు ఇంకా భుజం మీదనుంచి దించకుండానే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అడిగింది పక్క సీటు కుర్రవాణ్ణి. చూపించింది అతని కంప్యూటర్ తెర మీద నడుస్తున్న బొమ్మల్ని.

ఆ బొమ్మలంటే అతనికి ప్రాణం. ఆ ఆఫీసు బతుకే బొమ్మల మీద. ఎవరైనా పెద్ద హాలు కట్టబోతుంటే, దాన్ని ముందుగా కంప్యూటర్లో కట్టి, లోపలికి బొమ్మ మనుషుల్ని వదిలి, ఎవరెటు నడుస్తున్నారో, ఎక్కడ ఇరుక్కుంటున్నారో చూసి, తలుపులెన్ని పెట్టాలో, ఎంత వెడల్పు పెట్టాలో చెప్పడం వాళ్ళ పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక కొత్త బస్ టెర్మినల్. అందులో మనవాడు పెంచిన బొమ్మలు నాలుగు వందలు. అన్నీ వరుసలో నిలబడతాయి. అన్నీ పెద్దవాళ్ళకి సీటిస్తాయి. అలారం మోగితే ఒకదాని వెనక ఒకటి, పక్కదాని భుజం కూడా తగలకుండా బయటికి నడుస్తాయి.

పెంచినవాడి పోలికే వచ్చింది వాటికి. అతను జన్మలో ఒకరితో గొడవ పడి ఎరగడు. కాఫీ మెషీన్ దగ్గర వెనకున్నవాళ్ళందర్నీ ముందుకి పంపి, పాలు అయిపోయాక తన కప్పు పెడతాడు. ఎవరైనా కాలు తొక్కితే వాళ్ళు నొచ్చుకోకముందే "పర్లేదండీ" అంటాడు. తన పుట్టినరోజు కేకు తనకే మిగలకపోయినా పర్లేదే. దాంతో అతని అసలు పేరు జీతం స్లిప్పుకే పరిమితమైంది. ఆఫీసంతా పిలిచేది పర్లేదు అని. ఆ పేరు పెట్టినందుక్కూడా అతను పర్లేదనే అన్నాడు.

కానీ మేనత్త ప్రశ్న మాత్రం చురుక్కుమంది. బొమ్మలకి మేనత్తలేమిటండీ అన్నాడు, తనకి చేతనైనంత కోపంగా.

"మనుషులకి ఉంటారు కదా. మా అత్త మీ టెర్మినల్లోకి వచ్చిందనుకోండి. ఈ క్యూ అంతా చూసి, ఎంత బుద్ధిమంతులో పాపం అనుకుని, నేరుగా వెళ్ళి మొదట్లో నిలబడుతుంది."

"అలా వెళ్ళకూడదండీ."

"వెళ్ళకూడదని ఆవిడకీ తెలుసు. అయినా వెళ్తుంది. మీ బొమ్మలేమో తెలిసిందల్లా చేసేస్తున్నాయి. అలాంటి మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు." ఒక క్షణం ఆగి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఇవాళ పొద్దున్నవరకూ."

మనవాడికి కోపం రావాల్సిన చోట చెవులు వేడెక్కాయి. అది వేరే జబ్బు అని తెలియడానికి అతనికి కొన్ని వారాలు పట్టింది.

నిజానికి ఆమె వచ్చిందే ఆ బొమ్మల్ని చెడగొట్టడానికి. టెర్మినల్ వాళ్ళు మొదటి లెక్కని తిప్పి పంపేశారు. ఇంత మర్యాదస్తులు మా బస్సులెక్కరు, మామూలు మనుషుల్ని పెట్టి చూపించండి అన్నారు. మేనేజర్ గారు తల పట్టుకుని, మనుషుల కట్టుబాట్ల మీద చదువుకున్న ఈ అమ్మాయిని తెచ్చి పర్లేదు పక్కన కూర్చోబెట్టారు.

ఆమె పద్ధతి చెప్పుకోవడానికి తేలిక. క్యూలో నిలబడాలని అందరికీ తెలుసు. తలుపుకి అడ్డంగా నిలబడకూడదనీ తెలుసు. కానీ ఏ కట్టుబాటుకి ఎంత విలువివ్వాలన్నది ఎవరిష్టం వాళ్ళది. కాబట్టి ఒక్కో బొమ్మకీ, ఒక్కో కట్టుబాటుకీ సున్నా నుంచి పది దాకా మార్కు వెయ్యాలి. పది వస్తే ప్రాణం పోయినా పాటిస్తుంది. సున్నా వస్తే చూసి కూడా చూడనట్టు పోతుంది.

మరి మార్కులెక్కణ్ణుంచి తేవాలి? సర్వేలున్నాయి గానీ, ఆమె సర్వేల కంటే ముందు తన చుట్టాల్ని దింపింది. వాళ్ళ బాబాయ్ తలుపు మధ్యలో నిలబడితే గానీ మాట్లాడలేడు. పిన్ని ఒకే దారిని ముగ్గుర్ని అడిగి ముగ్గుర్నీ నమ్మదు. తాతయ్య బస్సుకి పూట ముందే వచ్చి, ఎక్కబోయేవేళకి నిద్రపోతాడు. ఇక మేనత్త సంగతి సరేసరి. ఈ అమ్మాయికి చిన్నప్పుడే అమ్మ పోయింది. నాన్నది ఓడ మీద ఉద్యోగం, ఏడాదికోసారి వచ్చి వెళ్తాడు. పెంచింది మేనత్తే. పళ్ళ డాక్టరు. జ్వరంతో ఉన్న ఈ పిల్లని చంకనేసుకుని ఆస్పత్రి క్యూ అంతా దాటేసిన కథ, బడిలో సీటు కోసం తెల్లారకముందే వచ్చి నిలబడ్డవాళ్ళని తొమ్మిదింటికి వచ్చి ఓడించిన కథ, కిక్కిరిసిన రైల్లో ఈ పిల్లకి కిటికీ పక్క సీటు సంపాదించిన కథ, ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే మనవాడు పని మానేసి వినేవాడు.

బొమ్మల రకాలకి వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. బాబాయ్‌లు ముప్ఫై మంది, పిన్నులు యాభై, మేనత్తలు నలభై. మేనత్తలకి ఎర్రరంగు. పనిలో వాడుకోవడానికి బాగానే ఉంది గానీ, పైవాళ్ళకి చూపించేముందు ఈ పేర్లు తీసేసి రకం ఒకటి, రకం రెండు అని మార్చమంది ఆమె. సరేనన్నాడు. ఒక మనిషి చుట్టాలందర్నీ రోజూ తెర మీద నడిపించి, వాళ్ళెక్కడ ఆగుతారో ఎక్కడ అలుగుతారో కనిపెట్టుకుంటూ కూర్చుంటే, ఆ మనిషి మీద మనసు పడకుండా ఉండటం ఎవరి తరం?

ఒకరోజు ఇద్దర్నీ పాత బస్ స్టాండుకి పంపారు, జనాన్ని చూసి రమ్మని. దార్లో వాన అందుకుంది. గొడుగు ఒకటే, అతనిది. మర్యాద కొద్దీ గొడుగు మొత్తం ఆమె మీద పట్టి తను వానలో నడిచాడు. మూరెడు దూరంగా నడిచేవాడు పట్టిన గొడుగు ఎటు ఊగుతుందో దానికే తెలియాలి. అతను పూర్తిగా తడిశాడు, ఆమె సగం తడిసింది.

"తలుపుల వెడల్పులు కొలిచే మనిషి కదా మీరు. ఈ గొడుగు కింద ఇద్దరు పట్టరని ఎలా తేల్చారు?" అందామె.

అతను దగ్గరగా జరిగాడు. ఆ తర్వాత బస్ స్టాండులో జనం ఏం చేశారో ఇద్దరూ సరిగ్గా చూడలేదు. ఆ రోజు రిపోర్టు చాలా చిన్నది.

పేచీ అతని బొమ్మ దగ్గర వచ్చింది. అందరి చుట్టాలూ అయ్యాక, మీ రకం కూడా ఒకటి ఉండాలి కదా అని ఆమె పర్లేదు బొమ్మ తయారుచేసింది. దారివ్వడంలో పది. తనకి కావాల్సింది అడగడంలో సున్నా. దాన్ని టెర్మినల్లో వదిలారు. బస్సు వచ్చింది. బొమ్మ వెనకవాళ్ళకి దారిచ్చింది. ఇంకో బస్సు వచ్చింది. మళ్ళీ ఇచ్చింది. సాయంత్రం దాకా ఎన్ని బస్సులొచ్చినా అది ఎక్కిందే లేదు. తాతయ్య బొమ్మ కూడా నిద్రలేచి వెళ్ళిపోయింది.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, నెమ్మదిగా అంది, "పాపం, అసలు ఆ బస్సు అవసరం లేదేమోలెండి ఆయనకి."

"అవసరమేనండీ," అన్నాడతను తెర వైపే చూస్తూ. ఆమె నవ్వడం ఆపి అతని వైపు చూసింది. ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపే చూసింది. అతను బొమ్మని మళ్ళీ మొదటి బస్సు దగ్గర నిలబెట్టాడు.

ఆ వారమే అతనికి జ్ఞానదంతం పొడుచుకొచ్చింది. దంతం వచ్చింది గానీ జ్ఞానం రాలేదని తర్వాత తేలింది. బుగ్గ పొంగి మాట ముద్దగా వస్తుంటే, ఆమె బలవంతంగా మేనత్త క్లినిక్‌కి పంపింది. అక్కడి హాల్లో మనవాడు తనకంటే ఎక్కువ నొప్పి ఉందన్న ప్రతివాడికీ తన వంతు ఇచ్చేసి, చివరికి లైట్లు ఆర్పేవేళకి కుర్చీ ఎక్కాడు.

ఆవిడ పొట్టిగా, తెల్లకోటులో నిటారుగా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ నోట్లో చేతులు పెట్టి మాట్లాడటం వల్ల, తిరిగి జవాబు వస్తుందన్న ఆశ ఆవిడకి ఎప్పుడో పోయింది. అతని నోట్లో దూది కుక్కి, మా పాప రోజూ నీ గురించే చెబుతుంది బాబూ అంది. నీ ఉద్దేశమేమిటి అంది. ఇంటి సంగతులు అడిగింది, జీతం అడిగింది. అన్నిటికీ అతను ఒకటే శబ్దం చేశాడు. దూది తీశాక చెబుదామనుకుంటే మందు ప్రభావానికి నాలుక మొద్దుబారింది.

అతను వెళ్ళాక ఆవిడ ఇచ్చిన తీర్పు మర్నాడు ఆఫీసుకి వచ్చింది. మంచివాడేనట. కానీ హాల్లో తన వంతు ఐదుగురికి దానం చేశాడట. "ఇలాంటివాడు పెళ్ళినాడు కూడా పక్కవాణ్ణి, మీరు కూర్చోండి పర్లేదు అంటాడు," అందట. ఆ అమ్మాయి ఇది నవ్వుతూ చెప్పింది గానీ, కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని ఇంకా అక్కడే నిలబడింది.

"ఆదివారం మా ఇంటికి ఒకాయన వస్తున్నారు. అత్త స్నేహితురాలి కొడుకు. పళ్ళకి తీగలు బిగించే డాక్టరు. సంబంధం మాట్లాడటానికి."

చెప్పాల్సింది కొండంత ఉంది. భాషలో లక్ష మాటలున్నాయి. అందులో వెతికి వెతికి అలవాటైన ఒక్కటే అతని నాలుకకి దొరికింది.

"పర్లేదండీ," అన్నాడు.

"పర్లేదా?"

"అంటే... డాక్టరు కదా. మంచి సంబంధమే."

ఆమె కప్పు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ రోజు మంగళవారం. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలు ప్రింటర్లో కాగితాలున్నాయా, ఉన్నాయి అనేవి మాత్రమే. మనవాడు అన్నం ముందు కూర్చుని లేచేవాడు. బొమ్మలకి వెయ్యాల్సిన మార్కులు రెండుసార్లు వేసేవాడు. చెయ్యాల్సిన పనులు కొన్ని అసలు చెయ్యడం మర్చిపోయాడు.

శుక్రవారం టెర్మినల్ వాళ్ళు వచ్చారు. హాలు నిండుగా కనిపించాలని మేనేజర్ గారు అందర్నీ ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నారు. మేనత్త క్లినిక్ మూసి వచ్చింది. అమ్మాయి ఇన్నాళ్ళూ కష్టపడ్డ పని కళ్ళారా చూడాలని ఇస్త్రీ చీర కట్టుకుని, మేనకోడలి చెయ్యి పట్టుకుని, ఖాళీ లేని మొదటి వరసలో ఎలాగో రెండు కుర్చీలు సంపాదించి కూర్చుంది.

పెద్ద తెర మీద టెర్మినల్ వెలిగింది. జనం నడిచారు, ఆగారు, దారులడిగారు, నిద్రపోయారు. టెర్మినల్ వాళ్ళు ముందుకి వంగి చూశారు. అప్పుడు అలారం మోగింది. హాలు నలుమూలల నుంచీ ఎర్రబొమ్మలు దూసుకొచ్చి మధ్య తలుపు దగ్గర గట్టిగా ఇరుక్కున్నాయి.

ఆ తోసుకొచ్చేవాళ్ళు ఎవరండీ అని పెద్దాఫీసరు అడిగాడు. మేనేజర్ గారు ఉత్సాహంగా ఒక ఎర్రబొమ్మ మీద నొక్కారు. పేరూ మార్కులూ తాటికాయంత అక్షరాలతో తెర మీదికొచ్చాయి. ఆయన పైకి చదివారు.

"మేనత్త, సార్. మొత్తం నలభై మంది. క్యూ పాటించడం సున్నా. ఎవరి మాటైనా వినడం సున్నా." అక్కడితో ఆగితే బాగుండేది. "ఊహించి పెట్టింది కాదు సార్. మా అమ్మాయి సొంత మేనత్తని చూసి చేసిందే. పళ్ళ డాక్టరట."

మొదటి వరసలో ఆవిడ లేచి నిలబడింది.

"నలభై మందినా?" అని మాత్రం అడిగింది.

ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మం వైపు నడిచింది. అటునుంచి ఎవరో ఇద్దరు కుర్చీలు మోసుకొస్తున్నారు. ఆవిడ పక్కకి తప్పుకుని, వాళ్ళు పూర్తిగా లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు బయటికి వెళ్ళింది. వెనకే పరుగెత్తబోయిన అమ్మాయి మనవాడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. కళ్ళు నిండి ఉన్నాయి.

"పేర్లు మార్చమన్నాను కదండీ." అతను నోరు తెరవబోయాడు. "పర్లేదు అనకండి," అని వెళ్ళిపోయింది.

టెర్మినల్ వాళ్ళు మాత్రం పరమానందపడ్డారు. ఇప్పుడు అచ్చం మా జనంలా ఉన్నారు, మధ్య తలుపు వెడల్పు చెయ్యాల్సిందే అన్నారు. మేనేజర్ గారు పర్లేదు వీపు తట్టారు. అతనికి అదేమీ ఎక్కలేదు. గుమ్మం దగ్గర పక్కకి తప్పుకున్న మనిషే కళ్ళముందు నిలిచింది. సున్నా మార్కుల మనిషి ఆగిందేమిటి?

అందరూ వెళ్ళాక కూర్చుని మేనత్త కథలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. ఆస్పత్రి, బడి, రైలు. చెప్పింది ఆ అమ్మాయి. ఆమె కళ్ళతో చూసినవే చెప్పింది. అంటే ప్రతి కథలోనూ ఆమె ఆవిడ పక్కనే ఉంది. ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు ఏం చేస్తుందో చూసినవాళ్ళెవరు? మనవాడు సిగ్గుపడ్డాడు. తర్వాత మేనత్త మార్కులు చెరిపేసి, కొత్త నియమం రాసి, బొమ్మల్ని మళ్ళీ వదిలాడు.

శనివారం పొద్దున క్లినిక్ కిటకిటలాడుతోంది. బుగ్గలు పట్టుకున్నవాళ్ళు, గడ్డాలకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు. మనవాడు గుమ్మంలో నిలబడి అందర్నీ చూశాడు. కాళ్ళు అలవాటు ప్రకారం చివరి కుర్చీ వైపు లాగాయి. వాటిని వెనక్కి లాక్కుని, "క్షమించండి, ముందు నేను వెళ్ళాలి," అన్నాడు. బుగ్గ వాచిన ఒక పెద్దాయన, మాకేమైనా పళ్ళు సరదాగా నొస్తున్నాయా అని అడిగాడు. ఒకావిడ సిగ్గులేదా అంది. రెండింటికీ అతను తలూపి, లోపలి తలుపు తోసుకుని వెళ్ళాడు.

కుర్చీలో ఒక లావుపాటి ఆసామి నోరు బార్లా తెరిచి ఉన్నాడు. మేనత్త తలెత్తి చూసింది.

"నీ వంతు కాదే."

"కాదండీ. ఆ పేరు తెర మీద ఉంచింది నేను. మార్చమని తను చెప్పింది, నేను మర్చిపోయాను. తనని ఏమీ అనకండి."

"మార్కులు వేసింది మాత్రం అదేగా," అంది ఆవిడ. గొంతులో కోపం కంటే వేరేది ఎక్కువుంది. "పెంచినదాన్ని. నాకు సున్నా వేసింది."

"ఆ మార్కు తప్పండీ. మీరు ఎవర్నైనా దాటుకుని వెళ్ళారంటే, మీ చేతిలో ఆ పిల్ల చెయ్యి ఉంది. ఒక్కరే ఉంటే ఆగుతారు. నిన్న నేను చూశాను. రాత్రి నియమం మార్చాను. ఒంటరిగా ఉన్న మేనత్త క్యూలో నిలబడుతుంది. పిల్లల బొమ్మల్ని కూడా చేర్చాను, పక్కన పిల్ల ఉంటేనే తోస్తుంది. మళ్ళీ అలారం మోగించాను."

ఆవిడ చేతిలో పనిముట్టు ఆగింది. కుర్చీలో ఆసామి కళ్ళు ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి.

"తలుపు దగ్గర ఇంకా ఇరుక్కుంటున్నారండీ. అది పోలేదు. కానీ లోపల పిల్లలెవరూ మిగల్లేదు."

ఇది చెప్పడానికేనా బయట అంతమందిని దాటుకొచ్చావు అని అడిగింది ఆవిడ. కాదండీ అన్నాడతను. ఇప్పుడు ఆగితే మళ్ళీ జన్మలో రాదని తెలుసు.

"రేపు ఆ డాక్టరుగార్ని రావద్దని చెప్పండి. మీ పాప నాకు కావాలి."

ఆసామి తల అతని వైపు తిరిగింది. ఆవిడ దాన్ని పట్టుకుని యథాస్థానంలో పెట్టింది. అప్పుడే పక్కగదిలోంచి, కడిగిన పనిముట్ల పళ్ళెంతో ఆ అమ్మాయి బయటికి వచ్చింది. శనివారాలు అత్తకి సాయం చేస్తుందని మనవాడికి తెలియదు.

"నాకు చెప్పాల్సిన మాట మా అత్తకి చెబుతున్నారేంటి?"

"మీరిక్కడున్నారని తెలీదండీ. మీకూ చెబుతాను. మంగళవారం నేను అబద్ధమాడాను. నాకు మీరంటే ఇష్టం. వాన రోజు నుంచీ కాదు, మొదటి రోజు నుంచీ. మీరు వేరేవాళ్ళింటికి వెళ్తే నేను తట్టుకోలేను."

పళ్ళెంలో పనిముట్లు చిన్నగా గలగలలాడాయి.

"ఇది చెప్పడానికి శనివారం దాకా ఆగాలా?"

"మీరు ముందు మాట్లాడతారేమోనని..."

"నేనూ మీరు మాట్లాడతారనే ఆగాను. అన్ని కథలు చెప్పాను, ఇంకా ఏం చెప్పమంటారు?" అని అత్త వైపు తిరిగింది. "సున్నా వేసినందుకు తిట్టు అత్తా. కానీ ఇతను నాకిష్టం."

మేనత్త చేతి తొడుగులు విప్పి చేతులు కడుక్కుంది. అవసరమైనదానికంటే ఎక్కువసేపే కడుక్కుంది. తుడుచుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నిజంగా ఒక్క పిల్ల కూడా మిగల్లేదా?"

"ఒక్కరు కూడా లేరండీ. మూడుసార్లు చూశాను."

ఆవిడ ఇటు తిరిగింది. మందుల ఘాటు ఎక్కువైంది అంటూ కళ్ళొత్తుకుంది. మేనకోడలి చేతిలోంచి పళ్ళెం తీసి పక్కన పెట్టి, ఖాళీ అయిన ఆ చేతిని ఒకసారి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తర్వాత అతని చేతిలో పెట్టింది.

"నా దగ్గర మిగిలింది ఇదొక్కతే, బాబూ. జాగ్రత్తగా తీసుకెళ్ళు," అంది. "ఇప్పుడు మాత్రం ఇద్దరూ బయట కూర్చోండి. ఈయన నోరు తెరిచి పావుగంటైంది."